పూత కంటే ముందు పారుదల: చాసిస్ తుప్పుపై ఒక సమీక్ష

జహీరాబాద్ ఇనుముతో పెరిగిన ఊరు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్, జపాన్‌కు చెందిన నిస్సాన్ కలిసి తేలికపాటి ట్రక్కుల తయారీకి ఇక్కడ కర్మాగారం పెట్టాయి. ఆ దశాబ్దం చివర్లో అది మహీంద్రా చేతికి వచ్చింది. ట్రాక్టర్లు, మూడు చక్రాల సరుకు బండ్లు ఇవాళ ఆ గేటు దాటి దేశమంతా వెళ్తున్నాయి. అదే మహీంద్రా గ్రూపుకు ఐరోపాలో ఆటోమొబిలీ పినిన్‌ఫారినా అనే స్పోర్ట్స్ కార్ల సంస్థ ఉంది. ఆ సంస్థ 2019 జెనీవా మోటార్ షోలో చూపిన బాటిస్టా కారుకు ఆధారం కార్బన్ ఫైబర్‌తో చేసిన మోనోకాక్. ఒకే యాజమాన్యం కింద ఒక చివర కోట్లు పలికే స్పోర్ట్స్ కారు, మరో చివర అల్లం బస్తాలు మోసే మూడు చక్రాల బండి ఉన్నాయి. ఈ రెండింటికీ కింద ఒక చాసిస్ ఉంటుంది. ఆ చాసిస్‌ను తేమ నుంచి, తుప్పు నుంచి కాపాడటం ఎలా అన్నదే ఈ సమీక్ష ప్రశ్న.

బజారులో ఈ ప్రశ్నకు దొరికే జవాబు ఒక్కటే: పూత. కొత్త బండి కొన్నరోజే అండర్‌బాడీ కోటింగ్ వేయించుకోమంటారు, పాత బండికి రెడ్ ఆక్సైడ్ కొట్టమంటారు. పూత అవసరమే. కానీ ఈ రంగంలో ప్రపంచం అరవై ఏళ్లుగా నేర్చుకున్నదంతా కలిపి చూస్తే తేలేది వేరు. చాసిస్‌ను ఎక్కువగా తినేసేది బయటి నుంచి పడే వాన కాదు, లోపల చిక్కుకుపోయిన చెమ్మ. ఆ చెమ్మ బయటికి పోయే దారి ఉంటే మామూలు పూత కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దారి లేకపోతే ఎంత ఖరీదైన పూత అయినా తుప్పును కప్పి ఉంచే ముసుగే అవుతుంది.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. నీటిలో ఉప్పు, ఆమ్లం కరిగి ఉంటే విద్యుత్తు సులభంగా పారుతుంది, పని వేగంగా సాగుతుంది. ఎందుకంటే తుప్పు అనేది మూలంలో విద్యుత్ రసాయన చర్య. లోహం మీద ఒక చోట ఇనుము కరిగిపోతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఇంకో చోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. బండి చాసిస్ అంతా ఇలాంటి చిన్న చిన్న బ్యాటరీలతో నిండి ఉంటుంది.

కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 1920లలో చేసిన నీటి బొట్టు ప్రయోగం చాసిస్ ఉన్న ప్రతివాడూ తెలుసుకోవలసినది. ఇనుప రేకు మీద ఉప్పునీటి బొట్టు వేస్తే, గాలి బాగా తగిలే అంచుల దగ్గర ఇనుము నిలుస్తుంది. ఆక్సిజన్ తక్కువగా అందే మధ్యభాగంలో లోహం కరుగుతుంది. మట్టి పెళ్ల కింద, రెండు రేకులు ఒకదానిమీదొకటి అతికిన సందులో, రబ్బరు కోటింగ్ కింద చేరిన తడిలో జరిగేది ఇదే. గాలి ఆడని చోటే ఎక్కువ దెబ్బ తగులుతుంది. పైకి నిగనిగలాడుతున్న చాసిస్ ఒక చోట మాత్రం లోతుగా గుంటపడి చిల్లు పడటానికి కారణం ఇందులోనే ఉంది.

రెండో ముఖ్యమైన సంగతి బ్రిటిష్ శాస్త్రవేత్త డబ్ల్యూ.హెచ్.జె. వెర్నన్ చూపించాడు. గాలిలో సాపేక్ష తేమ సుమారు 60 శాతం దాటే వరకు కలుషిత గాలిలో కూడా ఇనుము నెమ్మదిగానే తుప్పు పడుతుంది, దాటాక వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. అంటే నీటి చుక్క కంటికి కనిపించకపోయినా, కొన్ని పొరల మందాన తడి లోహానికి అంటుకుంటే చాలు. ధూళి, ఉప్పు రేణువులు ఉంటే ఆ తడి ఇంకా తక్కువ తేమలోనే పుడుతుంది.

మూడో సంగతి పరిమాణం. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు స్థలం ఆక్రమిస్తుంది. అందుకే పూత ఉబ్బుతుంది, పెచ్చులు లేస్తాయి, అతుకులు విడిపోతాయి. ఒకసారి పెచ్చు లేచిందంటే దాని కింద నీరు నిలవడానికి కొత్త సందు పుట్టిందని అర్థం. తుప్పు తన ఇంటిని తానే పెద్దది చేసుకుంటుంది.

జహీరాబాద్ గాలి, నేల, పంట

సముద్రానికి ఇంత దూరంలో, ఆరు వందల మీటర్ల ఎత్తులో ఉన్న మెట్ట ప్రాంతంలో తుప్పు గురించి అంత బెంగ ఎందుకని అడిగేవారు ఉంటారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో నిత్యం ఉప్పుగాలి పీల్చే కారుతో పోలిస్తే జహీరాబాద్ బండి అదృష్టవంతురాలే. కానీ ఇక్కడి పరిస్థితులకు వాటి సొంత పద్ధతి ఉంది.

మొదటిది చలి. చలికాలం వచ్చిందంటే తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతల పట్టికలో పక్కనే ఉన్న కోహీర్ పేరు తరచూ పైన కనిపిస్తుంది. పగలు ఎండ కాస్తుంది, రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. ఆరుబయట నిలిపిన బండి ఇనుము చుట్టూ ఉన్న గాలి కంటే త్వరగా చల్లబడుతుంది. పగలు చాసిస్ బాక్సుల్లోకి చేరిన గాలిలోని తేమ, రాత్రి ఆ చల్లని గోడలకు మంచులా పడుతుంది. తెల్లారి ఎండకు బయటి తడి ఆరిపోతుంది, లోపలిది ఆరదు. ఒక్క చినుకు పడకుండానే చాసిస్ లోపలి గోడ రోజూ తడుస్తుందన్నమాట. వానాకాలంలో రాత్రిపూట గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే కాబట్టి అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది నేల. జహీరాబాద్, కోహీర్ చుట్టూ ఎర్రటి లేటరైట్ నేలలు, కొన్ని మండలాల్లో నల్లరేగడి. లేటరైట్‌కు ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్ వల్లే వచ్చింది. ఇనుము చివరికి చేరుకునే స్థిరమైన రూపం అదే. నల్లరేగడి బంకమట్టి మాత్రం నీటిని పట్టి ఉంచుతుంది. చక్రాల పైభాగంలో, చాసిస్ అడ్డకమ్మీల మీద అది పేరుకుపోతే రోజుల తరబడి తడి దిగదు. దాని కింద జరిగేది ఎవాన్స్ బొట్టు ప్రయోగమే.

మూడోది, అందరూ మరిచిపోయేది, సరుకు. పొటాష్ ఎరువుగా మన రైతులు వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. క్లోరైడ్ అన్న మాట వినగానే సముద్రతీరం గుర్తుకురావాలి. పికప్ తొట్టిలో బస్తా చిరిగి రాలిన ఎరువు, వాన నీటిలో కరిగి, తొట్టి పలకల సందుల్లోంచి చాసిస్ మీదికి దిగుతుంది. సముద్రం లేని చోట మనమే ఉప్పును తెచ్చి పోసుకుంటున్నాం. పశువులను తరలించే బండ్లలో మూత్రం, పేడ ఇదే పని చేస్తాయి.

ఇక చెరకు. గానుగ సీజన్‌లో చెరకు ట్రాలీల ఇనుము రోజుల తరబడి తీపి రసంతో తడుస్తుంది. ఆ రసం పులిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఇనుముతో ఏం చేస్తుందో కలంకారీ పనివాళ్లకు తరతరాలుగా తెలుసు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో నానబెట్టి, పులియబెట్టి వాళ్లు నల్లరంగు తీస్తారు. పులిసిన తీపి ఇనుమును కరిగిస్తుందనడానికి శ్రీకాళహస్తి వస్త్రాల మీది నల్లని గీత కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. అదే కరిగింపు చెరకు ట్రాలీ వెల్డింగు అతుకుల్లో జరుగుతున్నప్పుడు మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఏ చాసిస్‌కు ఏ జబ్బు

లారీ, పికప్, ట్రాక్టర్ ట్రాలీ, ఆఫ్‌రోడ్ జీపుల కింద ఉండేది నిచ్చెన ఆకారపు చాసిస్: రెండు పొడవాటి కమ్మీలు, వాటిని కలిపే అడ్డకమ్మీలు. ఇనుము మందంగా ఉంటుంది కాబట్టి తుప్పును చాలాకాలం ఓర్చుకుంటుంది. పెట్టె ఆకారంలో మూసిన కమ్మీలైతే మాత్రం లోపల ఏం జరుగుతోందో కనపడదు. తెరిచి ఉన్న సి-ఆకారపు కమ్మీలో మట్టి చేరుతుంది కానీ కడిగేయవచ్చు.

మామూలు కార్లకు వేరే చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. డోర్ల కింది పట్టీలు, వెనక చక్రాల పైభాగాలు, సస్పెన్షన్ బిగించే చోట్లు ముందు పోతాయి. ఇక్కడ చిల్లు పడితే అది అందానికి సంబంధించిన సమస్య కాదు, ప్రమాదంలో ప్రయాణికుడిని కాపాడవలసిన గోడ బలహీనపడటం.

స్పోర్ట్స్ కార్లది ప్రత్యేకమైన కథ. బరువు తగ్గించడానికి పల్చటి ఇనుప గొట్టాలతో అల్లిన చట్రం, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ పెట్టడం చాలాకాలం నడిచిన పద్ధతి. పైనున్న ఫైబర్ తుప్పు పట్టదు కాబట్టి కారు కొత్తగానే కనిపిస్తుంది. కింద గొట్టాలు ఖాళీ అవుతుంటాయి. ఇవాళ్టి స్పోర్ట్స్ కార్లలో గాలి సాఫీగా జారడం కోసం కింద మొత్తం ప్లాస్టిక్ పలకలతో మూసేస్తారు. ఆ పలకల పైన ఆకులు, ఇసుక, తడి పేరుకుంటే బయటికి పోవు. ఎత్తు తక్కువ కాబట్టి గుంటలో నిలిచిన నీరు నేరుగా లోపలికి చిమ్ముతుంది. పైకప్పు తెరిచే కార్లలో కప్పు అంచు నుంచి నీరు దిగే సన్నటి గొట్టాలు ఆకులతో పూడుకుపోతే ఆ నీరు కార్పెట్ల కిందికి, అక్కడి నుంచి ఫ్లోర్ రేకు మీదికి చేరుతుంది.

అల్యూమినియం చాసిస్ తుప్పు పట్టదని ఒక నమ్మకం ఉంది. ఎర్ర తుప్పు పట్టదన్నంత వరకే అది నిజం. అల్యూమినియంకు ఇనుప బోల్టు తగిలి, మధ్యలో తడి చేరితే అల్యూమినియమే తెల్లటి పొడిగా మారి కరిగిపోతుంది. కార్బన్ ఫైబర్‌తో ఈ గొడవ ఇంకా ఎక్కువ: కార్బన్ విద్యుత్తును పారనిస్తుంది, తనను తాకిన అల్యూమినియంను బలి తీసుకుంటుంది. అందుకే ఆ రెండూ కలిసే చోట తయారీదారులు గ్లాస్ ఫైబర్ పొర, జిగురు అడ్డుపెడతారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దూసుకుపోయిన ఫార్ములా ఈ కార్ల కార్బన్ తొట్టికి తుప్పు లేదు. దానికి బిగించిన లోహపు భాగాలకు మాత్రం ఈ భయం లేకపోలేదు.

ప్రపంచం డబ్బు పోసి నేర్చుకున్న పాఠాలు

1962లో వచ్చిన బ్రిటిష్ లోటస్ ఎలాన్ వెన్నెముకలాంటి మడత రేకు చాసిస్‌తో స్పోర్ట్స్ కార్ల రూపకల్పననే మార్చింది. దాని ముందు అడ్డకమ్మీ ఖాళీని హెడ్‌లైట్లు లేపే వాక్యూమ్ నిల్వకు వాడారు. ఆ కమ్మీకి తుప్పు చిల్లు పడితే హెడ్‌లైట్లు నిలవవు. ముందు సస్పెన్షన్ స్తంభాల అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోవడమే ఆ తుప్పుకు పెద్ద కారణం. 1980 ప్రాంతానికి లోటస్ తన చాసిస్‌లను కరిగిన జింకులో ముంచడం మొదలుపెట్టింది. 1996లో ఎలీస్ కారుతో అసలు ఇనుమే వద్దనుకుని, అల్యూమినియం కమ్మీలను ఎపాక్సీ జిగురుతో అతికించింది.

1981, 82లలో ఉత్తర ఐర్లండ్‌లో తయారైన డెలోరియన్ మరో పాఠం. పైన తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్ రేకులు, కింద మామూలు ఇనుప చాసిస్ మీద ఎపాక్సీ పూత. ఆ పూత గట్టిదే, కానీ ఎక్కడైనా పగిలితే నీరు లోపలికి దూరి, పూత కిందే పాకుతూ పోతుంది. బయటి నుంచి చూస్తే బూడిద రంగు పూత బాగానే ఉంటుంది, గోటితో గీరితే పెచ్చులుగా ఊడుతుంది. మరో బ్రిటిష్ సంస్థ టీవీఆర్ కార్లలో గొట్టాల చట్రానికి పక్కల ఉండే ఆధారాలు ఇదే తీరుగా పోతాయి. రాయి తగిలి పూత చిట్లిన చోట మొదలైన తుప్పు, పూత కిందే ప్రయాణం చేస్తుంది. గట్టి పూత మంచిదే, పగిలిన పూత పూత లేకపోవడం కంటే ప్రమాదం. ఈ పాఠం మనవాళ్లకు ఇంకా పూర్తిగా అందలేదు.

జర్మనీ పోర్షా తీసుకున్న దారి వేరు. 1976 మోడల్ నుంచి 911 బాడీని రెండు వైపులా జింకు పూసిన రేకుతో చేసి, తుప్పు మీద ఆరేళ్ల హామీ ఇచ్చింది. అప్పటికి అది సాహసమే. 1986లో ఆడి తన 80 మోడల్‌ను పూర్తిగా జింకు పూసిన రేకుతో తెచ్చింది. తర్వాత ఇది మంచి కార్లకు మామూలు ప్రమాణం అయింది.

నిచ్చెన చాసిస్‌కు వచ్చిన పెద్ద హెచ్చరిక అమెరికా నుంచి. టొయోటా టకోమా, టండ్రా, సెక్వోయా బండ్ల చాసిస్‌లు లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయన్న దావాలో 2016లో సుమారు 15 లక్షల బండ్లకు సంబంధించి ఒప్పందం కుదిరింది. దాని విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా వేశారు. నమ్మకానికి మారుపేరైన సంస్థకే ఇది తప్పలేదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దీని వెనక ఉంది. మిషిగన్, ఇల్లినాయి, న్యూజెర్సీల్లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ ఉప్పు బాగా పరిచయం. శీతాకాలమంతా కారు అడుగు భాగాన్ని కడిగించుకోవడం అక్కడి అలవాటు. ఆ అలవాటును ఊరికి ఫోన్ చేసినప్పుడు ట్రాక్టరున్న అన్నకో తమ్ముడికో చెబితే మంచిది.

పూతల తూకం

ఇక బజారులో దొరికేవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

కర్మాగారంలో వేసే పూతే అన్నిటికంటే మేలైనది. రేకును శుభ్రం చేసి, జింక్ ఫాస్ఫేట్ పొర ఎక్కించి, రంగు తొట్టెలో ముంచి విద్యుత్తు పారిస్తే సుమారు 20 మైక్రాన్ల పొర ఒకే మందంలో పడుతుంది. తర్వాత కొలిమిలో కాలుస్తారు. దీన్ని సీఈడీ అంటారు. దీని విజయం చాసిస్‌లో ఉన్న రంధ్రాల మీద ఆధారపడి ఉంటుంది: లోపలికి ద్రవం వెళ్లాలి, గాలి బయటికి రావాలి, మిగిలింది కారిపోవాలి. ఆ రంధ్రాలే తర్వాత బండి జీవితమంతా నీరు పోయే దారులు. అందుకే తర్వాత వేయించే ఏ పూత కూడా వాటిని మూయకూడదు.

జింకుకు ఒక ప్రత్యేక గుణం ఉంది. గీత పడినా తాను ముందుగా కరిగి పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బీదర్‌లో శతాబ్దాలుగా బిద్రీ పనివాళ్లు పోత పోస్తున్న లోహంలో ఎక్కువ భాగం జింకే. ఈ ప్రాంతానికి జింకు కొత్త కాదు. ట్రాలీ చాసిస్‌ను కొత్తగా కట్టించుకునేవారు, వెల్డింగు పూర్తయ్యాక దాన్ని సుమారు 450 డిగ్రీల జింకులో ముంచే హాట్‌డిప్ గాల్వనైజింగ్ చేయించుకుంటే మొదట్లో ఖర్చు పెరిగినా ఏళ్ల తరబడి నిశ్చింత. మూసిన గొట్టాలకు మాత్రం ముందే గాలి రంధ్రాలు పెట్టాలి. లేకుంటే లోపల చిక్కిన తడి ఆ వేడికి ఆవిరై గొట్టాన్నే పేల్చగలదు.

రబ్బరు, తారు కలిపిన నల్లటి అండర్‌బాడీ కోటింగ్ మన దగ్గర అందరికీ తెలిసిన పద్ధతి. కొత్త బండికి, పొడిగా శుభ్రంగా ఉన్న రేకుకు, రాళ్ల దెబ్బ నుంచి ఇది బాగా కాపాడుతుంది. సర్వీసు స్టేషన్‌లో కడిగిన గంటకే, ఇంకా తడి ఆరకముందే కొట్టేస్తే మాత్రం తడి బట్టలు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. తుప్పు ఉన్న చోట దాని మీదే కొట్టినా అంతే.

మైనం, లానోలిన్ కలిసిన నూనె పూతలు మెత్తగా ఉంటాయి, గీత పడినా మళ్లీ పాకి మూసుకుంటాయి. బాక్సుల లోపలికి సన్నటి గొట్టం నాజిల్‌తో కొట్టవచ్చు. చిక్కిన చెమ్మ సమస్యకు అన్నిటికంటే సరైన మందు ఇదే. లోపం ఏమిటంటే ఎండకు, నీటికి కొంత కరిగిపోతుంది. ఏడాదికోసారైనా మళ్లీ వేయాలి. స్పోర్ట్స్ కారున్నవారు, పాత జీపు మీద మమకారం ఉన్నవారు ఎంచుకోవలసింది ఇది.

రస్ట్ కన్వర్టర్ పేరుతో దొరికే ద్రవాల్లో టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉంటుంది. తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరగా మారతాయి. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నలుపు ఇవ్వడం లాంటి చర్యే ఇది. వైరు బ్రష్‌తో పెచ్చులన్నీ రాల్చి, గట్టిగా అంటుకున్న పల్చటి తుప్పు మీద వాడితే పనిచేస్తుంది. పెచ్చుల మీదే పూస్తే పై పొర మాత్రమే నల్లబడుతుంది, కింద పని ఆగదు.

వాటర్ సర్వీసింగ్ తర్వాత అడుగు భాగానికి డీజిల్, పాత ఇంజిన్ ఆయిల్ కొట్టడం మన పల్లెల్లో, పట్టణాల్లో ఇప్పటికీ ఉంది. కొన్నాళ్లు నీటిని ఆపుతుందన్నది నిజమే. కానీ పాత ఆయిల్‌లో ఆమ్లాలు, లోహపు నలుసులు ఉంటాయి. రబ్బరు బుష్‌లు, గొట్టాలు ఉబ్బి పాడవుతాయి. దుమ్మును పట్టి తడి నిలిచే పొరను తయారుచేస్తుంది. నేలను, నీటిని విషం చేస్తుంది. బ్రేకుల మీద పడితే ప్రాణాపాయం. దీన్ని మానాలి.

చివరగా, బ్యాటరీకి కలిపితే తుప్పు ఆగుతుందని అమ్మే ఎలక్ట్రానిక్ పెట్టెలు. ఓడలకు, భూమిలోని పైపులైన్లకు విద్యుత్తుతో రక్షణ ఇవ్వడం నిజమైన శాస్త్రమే. అక్కడ లోహం చుట్టూ నీరు లేదా తడి మట్టి ఎప్పుడూ ఉంటుంది, విద్యుత్తు పారే దారి ఉంటుంది. గాలిలో తిరిగే కారుకు ఆ దారి లేదు. ఆ డబ్బు మైనం పూతకు ఖర్చు పెట్టడం మేలు.

నిలిపి ఉంచిన బండి, మునిగిన బండి

స్పోర్ట్స్ కార్లను తుప్పు తినేది ఎక్కువగా నడిచేటప్పుడు కాదు, నిలిపినప్పుడు. వానలో తిరిగి వచ్చి, గాలి ఆడని సెల్లార్‌లో, ప్లాస్టిక్ కవరు కప్పి పెట్టిన కారు ఎండలో నిలిపిన కారు కంటే త్వరగా పాడవుతుంది. కవరు ఊపిరాడేదై ఉండాలి. వానలో తిరిగాక కారును కొన్ని కిలోమీటర్లు పొడి రోడ్డు మీద నడిపి, వేడి మీదున్నప్పుడు గాలి తగిలే చోట పెట్టాలి. మూసిన గ్యారేజీ అయితే డీహ్యూమిడిఫైయర్‌తో తేమను 50 శాతం దగ్గర ఉంచితే తుప్పు దాదాపు ఆగిపోతుంది. వెర్నన్ చెప్పిన అంకెకు అర్థం ఇదే. అటకెక్కించిన ట్రాక్టరు ట్రాలీ సంగతీ అంతే: కొంచెం వాలుగా నిలిపితే నీరు ఒక వైపుకు కారిపోతుంది, మట్టంగా నిలిపితే తొట్టిలోనే ఉంటుంది.

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేలాది బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంజిన్లు బాగుచేయించారు, సీట్లు మార్చారు. చాసిస్ బాక్సుల్లో చేరిన ఒండ్రు మాత్రం చాలా బండ్లలో అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ ఒండ్రు తడిని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది. మునిగిన బండిని కొనేవారు, బాగుచేయించుకునేవారు ముందుగా అడగవలసింది ఒక్కటే: అడుగు రంధ్రాల్లోంచి మంచినీటితో లోపల కడిగారా, కంప్రెసర్ గాలితో ఆరబెట్టారా? లేకపోతే మిగిలిన మరమ్మతు ఎంత గొప్పగా ఉన్నా కొన్నేళ్లలో వృథా. తుప్పును, అరుగుదలను మామూలు బీమా పాలసీ భరించదని కూడా గుర్తుంచుకోవాలి.

తనిఖీలో ఏం చూడాలి

మన చట్టంలో సరుకు బండ్లకు, ప్రయాణికుల బండ్లకు ఫిట్‌నెస్ పత్రం తప్పనిసరి. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏడాదికోసారి. సొంత కార్లకు పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ కొనసాగింపు. ఇది మంచి అవకాశం. కానీ బ్రేకులు, లైట్లు, పొగ మీద ఉన్నంత శ్రద్ధ చాసిస్ తుప్పు మీద ఉండాలి. బ్రిటన్‌లో ఏటా జరిగే తనిఖీలో సస్పెన్షన్, సీటు బెల్టు, స్టీరింగ్ వంటివి బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు ప్రమాదకరమైన తుప్పు ఉంటే బండి తప్పినట్టే. చిన్న సుత్తితో తట్టి, చిల్లు ఉందో లేదో చూస్తారు. ఇందుకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మన స్వయంచాలక పరీక్షా కేంద్రాల్లో ఈ ఒక్క నియమం స్పష్టంగా పెట్టి అమలు చేస్తే చెరకు సీజన్‌లో బరువుతో విరిగిపోయే ట్రాలీల ప్రమాదాలను కొంతైనా తగ్గించవచ్చు.

జహీరాబాద్‌కు ఇందులో ఒక బాధ్యత కూడా ఉంది. ఇక్కడ బండ్ల కర్మాగారం ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక జోన్ భూములు ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. లోహపు పూతల మీద పనిచేసే పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ హైదరాబాద్‌లోనే ఉంది. తుప్పు శాస్త్రానికి దేశంలో పెద్ద దిక్కైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ కారైకుడిలో దేశమంతటికీ తుప్పు పటం తయారుచేసింది. ఇంత జ్ఞానం చుట్టూ ఉన్నప్పుడు, చెరకు, పొటాష్, చలి మంచు కలిసిన ఈ ప్రాంతానికి సరిపోయే చౌకైన చాసిస్ రక్షణ పద్ధతిని తేల్చి, స్థానిక ఐటీఐ పిల్లలకు, వాటర్ సర్వీసింగ్ వాళ్లకు నేర్పడం సాధ్యమే. దీన్ని ఎవరో ఒకరు చేపట్టాలి.

తీర్పు

ఇంతవరకు చూసినవన్నీ కలిపితే క్రమం ఇది. మొదట పారుదల: చాసిస్ అడుగున ఉన్న ప్రతి రంధ్రాన్ని తీగతో, గాలితో తెరిచి ఉంచాలి. తర్వాత శుభ్రత: వానాకాలం ముగిశాక ఒకసారి, చెరకు సీజన్ ముగిశాక ఒకసారి, ఎరువు మోసిన ప్రతిసారీ మంచినీటితో కింది నుంచి కడగాలి. ప్రెషర్ గొట్టాన్ని బేరింగుల మీద, కరెంటు కనెక్షన్ల మీద మాత్రం పెట్టకూడదు. మూడోది ఆరబెట్టడం: ఒక పూట ఎండ, గాలి. అప్పుడే నాలుగోది, పూత: బయట గట్టి పూత, బాక్సుల లోపల మెత్తటి మైనం. ఐదోది చూపు: ఏడాదికోసారి లిఫ్టు మీదో గుంత మీదో నిలబెట్టి, టార్చి వేసి, చిన్న సుత్తితో తట్టి చూడటం. మందమైన ఇనుము గణగణమంటుంది, పోయిన చోట మొద్దు శబ్దం వస్తుంది.

ఈ క్రమంలో పూత నాలుగోది. బజారు దాన్ని మొదటిదిగా అమ్ముతోంది. ఆ వరుసను మార్చుకోవడం బండి యజమాని చేతిలోనే ఉంది, అందులో మొదటి మూడు పనులకు దాదాపు డబ్బే అక్కర్లేదు. కోటి రూపాయల కారున్నవారికైనా, కిస్తీలు కడుతూ ట్రాలీ నడుపుకునే రైతుకైనా చెప్పవలసింది ఒకే మాట: ఈ వానాకాలం ముగియగానే బండి కిందికి వంగి చూడండి, నీరు పోయే దారి తెరిచే ఉందో లేదో ముందు అదే చూసుకోండి.